మోదుగాకు దొప్పలో సాక

మొన్న మనుమరాలు గ్రంథాలయం నుంచి తెచ్చిన నవల, తాగుడుకు బానిసై ఇల్లు గుల్ల చేసుకున్న ఒక కార్మికుని కథ, మూడు రోజులు చదివి, అతడు వణికే చేతులతో అంగీ గుండీలు పెట్టుకోలేక కూతురిని పిలిచే చోట మూసి పక్కన పెట్టాను. మందమర్రిలో మా నాన్న, మేము బాపు అనేవాళ్లం, బొగ్గుబాయి పనికి పోయే రోజుల్లో, పొద్దున్నే ఆ గుండీలు పెట్టడం నా పని.

తమ్ముళ్లను ఎత్తుకోవలసి వచ్చి నేను బడి మొహం చూడలేదు. అవ్వ, అంటే మా అమ్మ, ఆంజనేయస్వామి గుళ్లో ఒట్టు పెట్టించాక బాపు ఏడు నెలలు కల్లు ముట్టలేదు, చేతుల వణుకు తగ్గింది, ఆ చేతులతోనే బొగ్గుముక్క పట్టి అరుగు మీద నాకు అక్షరాలు దిద్దించాడు. గుణింతాలు దాటి ఒత్తుల్లోకి వచ్చాము.

అప్పుడే పోచమ్మ బోనాలు వచ్చాయి. అమ్మవారి ముందు కల్లు ధార పోయడాన్ని మా వైపు సాక పోయడం అంటారు. మిగిలిన గుక్కెడు ఇంటి యజమాని తీర్థంగా పుచ్చుకోవాలి. బాపు వెనక్కి జరిగాడు.

"అన్నా, నాతోని కాదే. జర ఇడిచిపెట్టుర్రి."

"కల్లు ఎవడు తాగుమన్నడురా? గిది తల్లి తీర్థం," అన్నాడు పెద్దబాపు. "కొత్త పెండ్లికొడుకు లెక్క గా సిగ్గేందిరా తమ్మీ!" అని మేనత్త అంటే అందరూ నవ్వారు. అంతకు ముందు నెలే నా చిన్న తమ్మునికి అమ్మవారు పోసి తగ్గింది, తల్లికి కోపమొస్తే ఎట్లా అన్న భయంతో, ఒట్టు పెట్టించిన అవ్వే తల దించుకుంది. పసిపిల్ల చేతి తీర్థం కాదనడని పెద్దబాపు మోదుగాకు దొప్ప నా చేతిలో పెట్టాడు. ప్రసాదం పంచే భాగ్యం దొరికిందని నేను మురిసిపోతూ తీసుకుపోయాను.

"నువ్వు సుతనా బిడ్డా?" అన్నాడు బాపు, నువ్వూ వాళ్లలో చేరావా అన్నట్టు, నవ్వుతూనే. తాగాడు.

మర్నాడు తనంతట తానే కల్లు దుకాణానికి పోయాడు. నా ఒత్తులు సగంలో ఆగిపోయాయి. మిగిలినవి అవ్వ పూజ పుస్తకంలో నేనే కూడబలుక్కున్నాను. గుండీలు మళ్లీ నా వంతుకు వచ్చాయి, ఆయన పనికి పోలేక మంచం పట్టేదాకా, ఆ మంచంలోనే కన్ను మూసేదాకా. చదువు ఇచ్చినందుకు దీపం ముందు రోజూ దేవుడికన్నా ముందు ఆయనకే దండం పెట్టుకుంటాను. ఆ నవల రాసినాయన మాత్రం తప్పంతా తాగినవాడి మీదే వేశాడు. దొప్ప అందించినవాళ్లు ఆ పుస్తకంలో ఎక్కడా లేరు.

ఈ ఏడు బోనాలకు మా కోడలు కల్లు వద్దని పసుపునీళ్లలో వేపాకు వేసి సాక పోసింది. పెద్దబాపు కొడుకులు పక్కనే ఉన్నారు, ఎవరూ ఏమీ అనలేదు, తల్లికీ కోపం రాలేదు, పిల్లలంతా చల్లగా ఉన్నారు. అందుకు దండం పెట్టుకున్నాను. ఇంత తేలిక పనికి ఆనాడు ఇంటినిండా మనుషులుండీ ఒక్కరికీ నోరు రాలేదు.