పదిహేడో నంబరు డబ్బా

హనుమండ్లు గురించి నేను మొదట విన్నమాట ఆయన చాలా గర్విష్ఠి అని. జమ్మికుంటకు నాలుగు మైళ్ల దూరంలోని వాళ్ల ఊళ్లో బస్సు దిగి ఇల్లెక్కడని అడిగితే, చింతపండు కొడుతున్న ఒక ముసలామె చేయెత్తి దారి చూపించింది. చూపిస్తూనే చెప్పింది: "మిలటరీ హన్మండ్లా? ఎవలింట్ల చేయి కడగడు బిడ్డా. పెండ్లికి పిలిచినా రాడు, సావుకు పోయినా మంచినీళ్లు ముట్టడు. పట్నం తిండి మరిగినోనికి మన కూడు ఏమానుతది?"

అది 1987 జూలై. నాకు ఇరవై మూడేళ్లు. కరీంనగర్‌లో డాక్టర్ దయాకర్‌రావు గారి దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆయన సైన్యంలో పాతికేళ్లు వైద్యం చేసి వచ్చి, ఊళ్లో సొంత ఆసుపత్రి పెట్టుకున్నాడు. యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సిపాయిల్లో చాలామందికి కడుపు జబ్బు ఏళ్ల తరబడి తగ్గకుండా ఉండిపోవడం ఆయన గమనించాడు. తైదలు, అంటే రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, అందులో పెరుగు తోడుకునేలా చేసే సూక్ష్మజీవులను కలిపి ఒక పొడి తయారు చేయించాడు. అది పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి నలభై మంది మాజీ సైనికులు కావాలి. సగం మందికి అసలు పొడి, సగం మందికి అదే రంగులో అదే రుచిలో వట్టి పిండి. ఎవరి డబ్బాలో ఏముందో వాళ్లకూ తెలియదు, ఇచ్చే నాకూ తెలియదు. డబ్బాల మీద నంబర్లు మాత్రమే ఉంటాయి. ఏ నంబరు ఏమిటో రాసిన కాగితం సారు బీరువాలో సీలు వేసి ఉంది. ఇంటింటికీ తిరిగి డబ్బాలు ఇవ్వడం, రోజుకు ఎన్నిసార్లు బయటికి వెళ్తున్నారో అడిగి రాసుకోవడం నా పని.

హనుమండ్లు పేరు ఇచ్చినవాడు కైలాసం. పక్క ఊరి మనిషి. ఇద్దరూ ఒకే ఏడు సైన్యంలో చేరారు, ఒకే దళంలో పనిచేశారు. డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు వైపు వరి మళ్లలోనూ బురదలోనూ కలిసి నడిచారు. అక్కడ పట్టుకున్న రక్తవిరేచనాలు ఆసుపత్రిలో తగ్గాయి కానీ, కడుపు మాత్రం మళ్లీ మామూలు కాలేదు. డెబ్బై ఎనిమిదిలో పింఛనుతో ఇంటికి వచ్చాక ఇద్దరూ పత్తి సేద్యంలో పడ్డారు.

నేను వెళ్లేసరికి హనుమండ్లు అరుగు మీద కూర్చుని నాగలి కర్రు చూసుకుంటున్నాడు. పొడుగు మనిషి, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. కైలాసం ముందే వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను పుస్తకం తెరిచి అడిగాను.

"రోజుకు ఎన్నిసార్లు పోతరు కాకా?"

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. "రెండుసార్లు. అందరి లెక్కనే."

"ఆరుసార్లు" అని లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది.

ఆయన భార్య భూమవ్వ. చేతిలో చాట పట్టుకుని గడపలోకి వచ్చి నిలబడింది. హనుమండ్లు ఆమెను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. కోపం లేదు అందులో. దొరికిపోయిన పసివాడి చూపు అది.

"నీకెట్ల ఎరుక?"

"చెంబు ఎన్నిమాట్ల జాగ మారుతదో నేను సూడనా? తొమ్మిదేండ్ల సంది సూస్తున్న."

"మరి ఎన్నడు అడగకపోతివి?"

"నువ్వు చెప్పకపోతివి" అంది భూమవ్వ. చాట కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "రాసుకో బిడ్డా. ఆరుసార్లు. పత్తి అంగడికి నేనే పోత, ఈయన రాడు. బండి మీద ఆడిదాన్ని నేనొక్కదాన్నే ఉంట. అక్కడ పొద్దంత కాంటా కాడ నిలబడాలె, నడుమ పోవాల్సొస్తే ఏడికి పోతడు? సుట్టాలింటికి పోకపోవుడు గూడ గందుకే. జనం ఏమంటరో ఈయనకు ఎరుకే. అననీ అని ఊకున్నడు."

కైలాసం తల వంచుకుని తన కాళ్ల వైపే చూస్తున్నాడు. హనుమండ్లు చేయి చాపాడు. "ఏది, ఆ డబ్బా ఇటియ్యి."

ఆయనకు వచ్చింది పదిహేడో నంబరు. కైలాసానికి ముప్పై ఒకటి.

గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు, పొద్దున, సాయంత్రం. నాలుగు నెలలు, నెలకొక డబ్బా. హనుమండ్లుకు చదువు వచ్చు కానీ తన కడుపు సంగతి కాగితం మీద రాయడానికి చేయి ఆడలేదు. రోజువారీ లెక్కకు నేనిచ్చిన పుస్తకాన్ని భూమవ్వ తీసుకుంది. ఆమెకు అక్షరాలు రావు. రోజుకొక గీటు కింద చుక్కలు పెట్టేది. నెలాఖరున నేను వెళ్లి లెక్కపెట్టుకునేదాన్ని.

రెండు నెలలు గడిచాయి. కైలాసం పుస్తకంలో ఐదులు మూడయ్యాయి, తర్వాత రెండయ్యాయి. బుగ్గలు కాస్త నిండాయి. ఒకరోజు ఆయన భార్య యాదవ్వ నవ్వుతూ చెప్పింది: "నిన్న అంబలి తాగి పొలం పోయి, మళ్ల పొద్దుగూకినంకనే ఇంటికొచ్చిండు. నేను పరేషానైన, ఏడ పడ్డడో అని!"

భూమవ్వ పెట్టే చుక్కలు మాత్రం మారలేదు. ఆరు, ఆరు, ఐదు, ఆరు.

"గీ పొడి నాకు పడనట్టుంది" అన్నాడు హనుమండ్లు ఆ నెల నేను వెళ్లినప్పుడు. "కైలాసానికి మంచిగైంది గదా. గది సాలు."

సెప్టెంబరులో వారం రోజులు ఆగకుండా వాన పడింది. వాళ్ల ఊరి దారిలో వాగు పొంగి బస్సు బంద్ అయింది. మూడో నెల డబ్బాలు నేను తీసుకెళ్లలేకపోయాను. అంతలో కైలాసం జమ్మికుంట దాకా నడిచి, అక్కడి నుంచి బస్సులో కరీంనగర్ వచ్చాడు. "నాకియ్యి బిడ్డా, ఇద్దరియి నేనే కొంటవోత" అన్నాడు. ఎవరి చేతికి వాళ్లకే ఇవ్వాలని సారు గట్టిగా చెప్పాడు. అయినా వానలో తడిసి వచ్చిన మనిషిని చూసి ఇచ్చేశాను. తప్పు నాదే.

వాన వెలిసి దారి బాగయ్యాక నేను వెళ్లేసరికి లెక్కలు తారుమారయ్యాయి. హనుమండ్లు చుక్కలు ఐదు, నాలుగు, మూడు. భూమవ్వ ముఖంలో వెలుగు చూసి నేనూ సంతోషించాను. కానీ ఆ సాయంత్రం కైలాసం ఇంటికి వెళ్తే ఆయన మంచంలో ఉన్నాడు. రెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఐదు. తిన్నది ఏదో పడలేదని యాదవ్వతో చెప్పాడట. నాతోనూ అదే అన్నాడు. నేను రాసుకుని వచ్చేశాను. దయాకర్‌రావు సారు ఆ రెండు వరుసల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

తర్వాత జరిగింది హనుమండ్లే నాకు చెప్పాడు.

పది రోజులుగా కైలాసం రాకపోవడంతో ఆయనే పొలం గట్లమీదుగా నడిచి పక్క ఊరికి వెళ్లాడు. అంతదూరం నడుమ ఎక్కడా ఆగకుండా నడవడం ఎన్నో ఏళ్లకు అదే మొదలు. వెళ్తే కైలాసం ముడుచుకుని పడుకుని ఉన్నాడు.

"మంచిగైతుండె అన్నా" అంది యాదవ్వ. "కొత్త డబ్బా మొదలువెట్టిన సంది మళ్ల మొదటికొచ్చింది."

కొత్త డబ్బా అనగానే హనుమండ్లుకు అనుమానం వచ్చింది. గూట్లో ఉన్న డబ్బా తీసి చూశాడు. ముప్పై ఒకటి అనే చీటీ ఒక అంచున లేచి ఉంది. దాని కింద పాత జిగురు మరక.

"ఏం జేసినవ్?" అని అడిగాడు.

కైలాసం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నిన్నే. ఏం జేసినవ్ కైలాసం?"

"జమ్మికుంట బస్టాండుల కూసోని, చీటీలు తడిపి ఊడదీసిన. అటుది ఇటు, ఇటుది అటు అంటువెట్టిన."

"ఎందుకు?"

యాదవ్వ వాకిట్లోకి వెళ్లిపోయింది.

"లడాయిల గా నీళ్లు తెచ్చింది నేనే గద" అన్నాడు కైలాసం. "అందరి సీసాలు నింపుకరమ్మని నన్నే తోలిండ్రు. నీళ్లల్ల వేసే మాత్రలు అయిపోయినయ్. మంట పెట్టనియ్యలే, కాగవెట్టే తొవ్వ లేదు. కుంటల నీళ్లే ముంచుకొచ్చి, మాత్రలేసిన అని చెప్పిన. నువ్వు మొదలు తాగినవ్. నా చేతిలకెల్లి గుంజుకోని తాగినవ్. పదారేండ్లాయె హన్మండ్లు. నువ్వు ఎవలింట్లకు పోకుంట అరుగు మీద కూసున్నప్పుడల్లా నాకు గదే యాదికొస్తది."

హనుమండ్లు మంచం పట్టె మీద కూర్చున్నాడు. స్నేహితుడి కాళ్ల మీద చేయి వేశాడు.

"మాత్రల్లేవని నాకు గప్పుడే ఎరుక" అన్నాడు.

కైలాసం ఇటు తిరిగాడు.

"మాత్రలేసిన నీళ్లు ఎట్ల వాసనొస్తయో నాకు ఎరుక లేదా? వాసన లేదు. అయినా తాగిన. రెండు దినాల దప్పిక. నువ్వు వద్దన్నా తాగుతుంటి. నువ్వు తేకుంటే నేనే పోయి కుంటల మూతి వెట్టి తాగుతుంటి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు గిట్ల మనసుల వెట్టుకున్నవని నాకేం ఎరుక?"

ఇద్దరూ ఏడ్చారో లేదో హనుమండ్లు నాకు చెప్పలేదు. యాదవ్వ పెట్టి తెచ్చిన చాయను చల్లారేదాకా ఎవరూ ముట్టలేదని మాత్రం చెప్పాడు.

మర్నాడు ఇద్దరూ కరీంనగర్ వచ్చారు. కైలాసం కడుపు పట్టుకుని, హనుమండ్లు ఆయన భుజం పట్టుకుని. సారు ముందు నిలబడి జరిగిందంతా చెప్పారు. తప్పు చేసి అధికారి ముందు నిలబడ్డ సిపాయిల్లా నిటారుగా నిలబడ్డారు. డబ్బాలు వాళ్ల చేతికి ఇచ్చింది నేనేనని నేనూ ఒప్పుకున్నాను.

సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "కూసోండి" అన్నాడు ముందు. తర్వాత అన్నాడు, "మీ ఇద్దరి లెక్క ఇగ పనికి రాదు. నలభైల రెండు పోతయి. నాకు బాధగానే ఉంది, అబద్ధం చెప్ప." నా వైపు తిరిగాడు. "అనసూర్యా, ఇంకోసారి గిట్ల చేస్తే నీకిక్కడ పనుండది."

"జీ సాబ్" అన్నాడు హనుమండ్లు, అలవాటు కొద్దీ.

"కానీ మీరొచ్చి చెప్పకపోతే ఆ తప్పు లెక్కనే నేను నిజమనుకుంటుంటి. రేపు ఎందరికో గదే చెప్తుంటి." సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "కైలాసం, నిన్ను జర చూడనియ్యి. మంచం మీద పండుకో."

నాలుగు నెలలు పూర్తయ్యాక సీలు విప్పారు. ముప్పై ఒకటిలో అసలు పొడి ఉంది. పదిహేడులో వట్టి పిండి. మిగిలిన ముప్పై ఎనిమిది మందిలో పొడి తాగిన వాళ్లలో సగానికి పైగా కొంత నయమయ్యారు. ఎవరికీ పూర్తిగా పోలేదు. వట్టి పిండి తాగిన వాళ్లలోనూ నలుగురైదుగురు బాగుందన్నారు. సారు దాన్ని గొప్ప విజయమని ఎక్కడా చెప్పుకోలేదు. ఇంకా ఎక్కువ మంది మీద, ఇంకా ఎక్కువ కాలం చూడాలని రాశాడు. మిగిలిన పొడిని నలభై మందికీ పంచాడు. అది అయిపోయాక తైదలు మొలకెత్తించి పిండి పట్టుకోవడం, పెరుగు తోడు పెట్టుకోవడం భూమవ్వకూ యాదవ్వకూ నేనే దగ్గరుండి నేర్పాను. నేర్పానని అనడమే కానీ, తైదల సంగతి వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

హనుమండ్లుకు ఆరు మూడయింది. మంచి రోజుల్లో రెండు. ఆ ఏడు పత్తి బండి మీద భార్య పక్కన కూర్చుని జమ్మికుంట అంగడికి వెళ్లాడు. పాలివాళ్ల ఇంట్లో పెళ్లి జరిగితే పంక్తిలో కూర్చున్నాడు. వడ్డించేవాళ్లు చేతులాపి చూశారట.

రెండేళ్ల తర్వాత సారు రెండో విడత మొదలుపెట్టాడు. ఈసారి ఆదిలాబాదు వైపు కూడా మనుషులు కావాలి. ఎవరూ ముందుకు రాలేదు. నేను వెళ్లి అడిగితే తలుపు దగ్గరే "మాకేం లేదమ్మా" అనేవాళ్లు. ఈ మాట విని హనుమండ్లు, కైలాసం వాళ్లంతట వాళ్లే వచ్చారు. "మేం మాట్లాడ్తం, నువ్వు రాసుకో" అన్నారు.

బోథ్‌లో ఒక హవల్దారు ఇంటికి వెళ్లిన రోజు బాగా గుర్తు. మంచి మీసాల మనిషి. పతకాలు అద్దాల పెట్టెలో పెట్టి గోడకు వేలాడదీశాడు. కడుపు మాట ఎత్తగానే లేచి నిలబడ్డాడు. "తుపాకి పట్టినోన్ని, నాకు కడుపునొప్పేంది?" అన్నాడు.

హనుమండ్లు కదలకుండా కూర్చున్నాడు. "కూసో సాబ్" అన్నాడు మెల్లగా. "నా సంగతి చెప్త, ఇని పంపియ్యి." రోజుకు ఆరుసార్లు వెళ్లడం, దారిలో బట్టలు పాడైన రోజు వాగులో దిగి తడిసి వచ్చి జారిపడ్డానని ఇంట్లో అబద్ధమాడడం, పెళ్లిళ్లకు పోకపోవడం, అన్నీ చెప్పాడు. ఒక ఆడపిల్ల ముందు, పరాయి ఇంట్లో చెప్పాడు. హవల్దారు నిలబడే విన్నాడు. చివరికి పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నాది అరవై ఐదు లడాయి సంది" అన్నాడు.

ఆ జిల్లా నుంచి ఇరవై ఇద్దరు చేరారు. అందరూ ఆ ఇద్దరు తెచ్చిన వాళ్లే.

నాకు పెళ్లయి నిజామాబాదు వెళ్లాక వాళ్లను చూడలేదు. తొంభై నాలుగులో కైలాసం నుంచి ఒక కార్డు వచ్చింది, మనవరాలికి బాసరలో అక్షరాభ్యాసం, రమ్మని. వెళ్లాను. గుళ్లో జనం కిక్కిరిసి ఉన్నారు. పిల్ల పళ్లెంలోని బియ్యంలో వేలు పెట్టి రాయనని మొండికేసింది. తాత బతిమాలాడు, నానమ్మ బతిమాలింది, వినలేదు. అప్పుడు హనుమండ్లు పిల్లను ఒళ్లోకి తీసుకుని చెవిలో ఏదో చెప్పాడు. పిల్ల కిలకిలా నవ్వి వేలు ఇచ్చింది. తెల్లబడ్డ తలతో ఆయన ఒంగి, ఆ చిట్టి వేలు పట్టుకుని 'ఓం' దిద్దిస్తుంటే భూమవ్వ నా చేయి పట్టుకుంది.

"ఏం చెప్పిండు పిన్నీ?" అని అడిగాను.

"ఏమో బిడ్డా" అంది ఆమె. "ఈ మధ్యల ఈయన మస్తు మాట్లాడ్తుండు. నేను అన్నీ ఇంటలేను."

తర్వాత గోదావరి ఒడ్డున నీడ చూసుకుని అందరం కూర్చున్నాం. యాదవ్వ సద్ది విప్పి విస్తళ్లు పరిచింది. హనుమండ్లు, కైలాసం పక్కపక్కన కూర్చుని పెరుగన్నం కలుపుకుంటూ, పిల్ల రాసిన అక్షరం వంకరగా వచ్చిందా సరిగ్గా వచ్చిందా అని వాదులాడుకున్నారు.