మోగని ఫోను

బాగలూరు దగ్గర ఒక పూల ఎగుమతి కంపెనీలో ఫోన్లు ఎత్తడం నా పని. అక్కడిది డిజిటల్ లైను. మనిషి మాట్లాడే కాల్ అయితే నా బల్ల మీద ఫోను మోగేది. కంప్యూటర్ చేసే డేటా కాల్ అయితే మోగకుండా నేరుగా మెషీనుకు పోయేది. ఆ తేడా కనిపెట్టే పెట్టెను చూసుకునే అమ్మాయిని ఉద్యోగంలో చేర్పించింది నేనే.

ఒక వారం నా ఫోను మోగనే లేదు. ఆ అమ్మాయిని అడిగితే, "లైను సరిగా లేదక్కా, చూస్తా ఉండాను" అంది.

చివరికి రాయకోట నుంచి గులాబీ రైతు ఒకాయన బస్సెక్కి వచ్చేశాడు. "ఎన్ని తూర్లు ఫోన్ చేసినానమ్మా! కీచుమని కూత తప్ప మనిషి గొంతే లేదు!"

ఆ కూత మెషీనుది. అప్పుడు తెలిసింది, అన్ని కాల్స్‌నూ ఆ అమ్మాయే డేటా కిందికి మార్చేసిందని. నిలదీశాను.

"ఫోన్లే రాలేదని చూపిస్తే నిన్ను తీసేయొచ్చని మేనేజరు చెప్పినాడక్కా. చెయ్యకుంటే నన్ను పంపించేస్తానన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"



అయినా నన్ను మాన్పించారు. హోసూరులో ఇంకో పని దొరికింది. కానీ ఫోను మోగని ఆ వారమంతా తను మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని, నేను తెచ్చిన రాగిముద్ద పంచుకుని తినింది. దాన్ని మాత్రం మరిచిపోలేకపోతున్నాను.