గ్యాలరీలో మా అత్తమ్మ బెంచీ

ముంబై కామాటిపురలో, వరసగా ఒంటిగదులుండే చాల్‌లో మాది మూడో అంతస్తులో ఒకే ఒక్క గది. ఉన్న ఒక్క కిటికీ పక్క బిల్డింగు గోడ వైపు తెరుచుకుంటుంది. మోకాళ్లు అరిగి మెట్లు దిగలేని మా అత్తమ్మకు బయటి లోకమంటే గదుల ముందు పొడుగ్గా సాగే గ్యాలరీయే. అక్కడ ముగ్గురు కూర్చునే కర్ర బెంచీ ఒకటి ఉండేది. పొద్దున టీ గ్లాసు పట్టుకుని దాని మీద కూర్చుంటే మళ్లీ అన్నానికే లోపలికి వచ్చేది. పక్క గది పెద్దమ్మ వచ్చి చేరితే ఇక ముచ్చట్లకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. కింద గల్లీలో బండి మీద కూరగాయలు అమ్మేవాడితో అంత ఎత్తు నుంచే బేరం ఆడేది. ఆ గొంతుకు కూరగాయల అతను ఎంత హడలిపోయేవాడో, పెళ్లయి వచ్చిన నాటి నుంచి నేనూ అంతే హడలిపోయేదాన్ని.

మొన్నటి వానాకాలం ఆ బెంచీని తినేసింది. దాని మీది మెత్తలు బూజు పట్టి కంపు కొట్టాయి. ఒక కాలు లోపల్లోపలే పుచ్చిపోయి బెంచీ పక్కకు ఒరిగింది. వానలు తగ్గిన కొత్తలో పెద్దమ్మ దాని మీద కూర్చోబోయి జారి, గ్యాలరీ కటకటాలు పట్టుకుని ఎలాగో నిలబడింది. ఈ సంగతి చాల్ కమిటీ చూసే కాకా చెవిన పడింది. ఆయన వచ్చి బెంచీని కాలితో ఒకసారి కదిపి చూశాడు.

"ఆదివారం సఫాయి ఉన్నది బిడ్డా. అందాక బాగు చేస్కుంటే సరే, లేకుంటే పాత సామాన్ల భంగార్ బండికి ఎత్తిస్త. ఎవలన్న పడి నడుం ఇరగ్గొట్టుకుంటే నా మెడకు వస్తది" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టలేను. కానీ అత్తమ్మ ఆ రోజు లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నది, అంతే. మాట్లాడటం మానేసింది. తిట్టడం కూడా మానేసింది. ఒక పూట నేను పప్పులో ఉప్పు వేయడం మరిచిపోతే, ఆమె మారు మాట్లాడకుండా తినేసి చెయ్యి కడుక్కుంది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. మనిషి ఇలాగే కొంచెం కొంచెంగా అయిపోతుందేమో అనిపించింది. ఆ బెంచీని భంగార్ బండి ఎక్కనిచ్చేది లేదని ఆ పూటే గట్టిగా అనుకున్నాను.

మా ఆయనతో చెప్తే తేలిగ్గా తీసేశాడు.

"ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెస్త. ఖతం."

"కుర్చీల ఒక్కతే కూసుంటది. పెద్దమ్మ యాడ కూసుంటది? దవాఖానల నంబర్ కోసం కూసున్నట్టు ఒక్కతే కూసొని ఎవలతోని మాట్లాడ్తది?"

"అయితే ఒక కోటు రంగు కొడ్త తియ్" అన్నాడు.

మా ఇంట్లో ఏది చెడిపోయినా మందు ఆ ఒక్కటే. మామయ్య పెయింటర్, ఈయనా పెయింటరే. సైటులో పని ముగిశాక డబ్బా అడుగున మిగిలిన రంగు ఇంటికి వస్తుంది. ఏటా వానలకు ముందు ఆ రంగు బెంచీకి ఎక్కుతుంది. కింద కర్ర తడిగా ఉందా, పాత రంగు పెచ్చులు లేచిందా అని చూసిన పాపాన పోలేదు ఎవరూ. పైన నున్నగా మెరిస్తే చాలు. ఆ పైన మెత్తలకు రెగ్జిన్ తొడుగు, దాని మీద నీలి టార్పాలిన్. ఇంత కప్పితే చెమ్మ లోపలికి రాదనుకున్నారు గానీ, లోపలికి పోయిన చెమ్మ బయటికి ఎటు నుంచి వస్తుందని ఆలోచించలేదు. గోడలకు రంగులేసి ఇంతమంది బతికిన ఇంట్లో ఒక బెంచీని రంగుతోనే చంపేశాం.

"కోటు గీటు ఏం వద్దు. లప్పం గీకే పట్టీ ఇయ్యి" అన్నాను.

నేను నాగ్‌పాడాలో బట్టలు కుట్టే కార్ఖానాలో పని చేస్తాను. ఆ వారం సాయంత్రం ఇంటికి రాగానే పట్టీ పట్టుకుని బెంచీ పాత రంగు గీకుతూ గ్యాలరీలో కూర్చునేదాన్ని. పైన గోధుమరంగు, దాని కింద ఏదో బడికి వేసిన నీలం, ఇంకా కింద దవాఖానా పచ్చ. అటూ ఇటూ పోయేవాళ్లు ఊరుకుంటారా! "ఏందమ్మా, ఖజానా తవ్వుతున్నవా?" అని ఒకరు, "కొత్తది కొంటే పోతది కద" అని ఇంకొకరు. పళ్ల బిగువున నవ్వి గీకుతూనే ఉన్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి అసలు కర్ర కనబడింది. ఎంత మంచి టేకో! ఎవరో పాత తలుపు చెక్కలతో చేయించి ఉంటారు. కానీ కాళ్ల అడుగు భాగం వేలితో నొక్కితే రొట్టెలా దిగిపోయింది. రోజూ పొద్దున అందరం గ్యాలరీ కడిగి బకెట్ల కొద్దీ నీళ్లు పారబోస్తాం. ఆ నీళ్లలోనే నిలబడి నిలబడి నానిపోయాయి.

పుచ్చిన మేర కోసేయక తప్పలేదు. నాలుగు కాళ్లూ సమంగా జానెడు చొప్పున తగ్గించాలి. రంపం అరువు తెచ్చాను. మా ఆయన కాసేపు చూసి, "నువ్వు కోస్తే అది ఊయల అయితది, ఇటియ్యి" అని లాక్కుని తనే కోశాడు. ఉప్పుకాగితంతో రుద్ది, పొడిబట్టతో తుడిచి, అవిసె నూనె పట్టించాను. కోసిన చోట కర్ర నూనెను ఆవురావురుమని తాగింది.

మెత్తల పని టెర్రస్ మీద. గదిలో దులిపితే ఆ బూజంతా మా ముక్కుల్లోకే పోతుంది కదా. ముందు ఎండలో పెట్టి, పొడి బ్రష్షుతో దులిపి, తరవాత కుట్లు విప్పాను. లోపలంతా అత్తమ్మ పాత చీరలే, బొంతకు పేర్చినట్టు మడతలు మడతలుగా ఉన్నాయి. చివికినవి తీసేశాను. గట్టివాటిని వేడి సబ్బునీళ్లలో ఉడకేసి, మరకల మీద నిమ్మకాయ, ఉప్పు రుద్ది, పెళపెళలాడే దాకా ఎండబెట్టాను. రెగ్జిన్ పారేసి, గాలి ఆడే మందపాటి నూలు గుడ్డతో కొత్త తొడుగులు కుట్టాను. విప్పి ఉతుక్కునేలా ఒక పక్కన నాడాలు పెట్టాను. వాన మొదలైతే మెత్తలు లోపలికి రావాలి, టార్పాలిన్ మాట ఇక ఎత్తొద్దని ఇంట్లో గట్టిగా చెప్పేశాను.

ఆదివారం కాకా వచ్చాడు. బెంచీ అంచు పట్టుకుని ఊపాడు. తనే కూర్చుని అటూ ఇటూ కదిలాడు.

"ఏక్‌దమ్ మజ్బూత్. ఉండనీయి" అన్నాడు.

అత్తమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను. ఆమె మెత్త మీద చెయ్యి వేసి నిమిరింది. లోపలి తన చీర మడతలు చేతికి తగులుతాయేమోనని చూసింది కాబోలు. తల ఎత్తి ముందుకు చూసింది. కటకటాల అడుగు భాగంలో, కూర్చున్న మనిషి మెడ ఎత్తు దాకా, అడ్డంగా చెక్కలు కొట్టి ఉంటాయి. జానెడు కిందికి దిగిన బెంచీ మీద ఆమె కళ్లు సరిగ్గా ఆ చెక్కల దగ్గర ఆగిపోయాయి.

"గల్లీ కనబడ్తలేదు" అంది. అంత చిన్న గొంతుతో.

ఇన్ని రోజుల చాకిరీ కాళ్ల కిందికి జారిపోయినట్టయింది. ఒక్క క్షణమే. ఇంత దాకా వచ్చి ఆగుతానా?

"కాలుకొక ఇటుక పెడ్త అత్తమ్మా. నీళ్లు కూడ అంటవు" అన్నాను.

కాకా వెంటనే అడ్డం చెప్పాడు. "ఇటుకలు గిటుకలు నడువయి బిడ్డా. గ్యాలరీల ఇటుకలు పెట్టొద్దని కమిటీ రూల్ ఉన్నది. ఇయ్యాల నువ్వు పెడ్తవు, రేపు ఇంకొకలు గోడనే కడ్తరు."

నేను నోరు తెరిచే లోపే బెంచీ మీద నుంచి పిడుగు పడింది.

"ఏమయ్యా! ఈ చాల్ గోడల నిండ ఉన్న ఇటుకలు ఎవలు మోసిన్రు? మీ తాత, మా ఆయన తాత కలిసి నెత్తి మీద మోసిన్రు. గప్పుడు ఏ కమిటీ అడిగింది? ఇయ్యాల నా బెంచీ కిందికి నాలుగు ఇటుకలు ఎక్కువైనయా నీకు?"

గ్యాలరీలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పెద్దమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. కింద గల్లీలో కూరగాయల అతను తల ఎత్తి పైకి చూశాడు. కాకా రెండు చేతులూ పైకెత్తి, "సరే వదినా, సరే, పెట్టుకో" అంటూ వెనక్కి తగ్గాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

అత్తమ్మ నా వైపు తిరిగింది. మునుపటి చూపే, మునుపటి గొంతే.

"ఏం చూస్తవే మొద్దు లెక్క? పోయి ఇటుకలు తే!"