మూడో దారి ఉందని నాన్నకు చెప్పాను

"పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది" అంటారు. మా ఇంటి కథలో ఆ పిల్లిని నేనే. ఆ పిల్లికి కనీసం కడుపైనా నిండింది. నా పెద్దరికం పుణ్యమా అని పద్దెనిమిదేళ్ల తర్వాత మా గడప తొక్కిన మనిషి చాయ్ కూడా తాగకుండా లేచిపోయాడు. నవ్వుకోవడానికే చెబుతున్నాను, మొహమాటపడకండి.

మా నాన్న రాజమల్లు గోదావరిఖనిలో భూమి లోపల బొగ్గు తవ్వి రిటైరయ్యాడు. ఓదెలు మామ అమ్మకు అన్న. బావలిద్దరిదీ ఒకే షిఫ్టు. ఒకసారి సమ్మె జరిగింది. నాన్న బయట జెండా పట్టుకుని నిలబడితే, తొమ్మిదో రోజున మామ డ్యూటీకి దిగాడు. పైకొచ్చాక నాన్న అందరి ముందూ "అమ్ముడువోయినవ్ గదా బావా" అన్నాడు. అంతే. మామ సంసారాన్ని బసంత్‌నగర్‌కు మార్చేశాడు. అమ్మ తన తోడబుట్టినవాణ్ని పెళ్లి పందిళ్లలో దూరం నుంచి చూసుకునేది.

నేను బడిలో కంప్యూటర్ టీచర్ని. దమ్ము, అదే ఆయాసం, ఎక్కువై నాన్న ఇంటిపట్టునే ఉంటున్నాడని నా వీడియో గేమ్ ఒకటి ఆయన చేతికిచ్చాను. అదొక మాయాలోకం. కోటవాళ్లు కొండను తవ్వుతుంటారు, అడవివాళ్లు ఆ కొండే మా దేవత అంటారు. మనమేమో మధ్యలో చిక్కిన సిపాయి. ఒకరి పని చేసిపెడితే వాళ్లకు మన మీద నమ్మకం పెరుగుతుంది, రెండోవాళ్లకు తగ్గుతుంది.

నాన్నకు కత్తులు పట్టలేదు. "సపోర్టు పెట్టకుండ గుట్ట తవ్వుతున్నరేంది? కప్పు మీదవడితే ఎవడు జిమ్మేదారు?" అని కోట రాజును తిట్టేవాడు. అడవి రాణిని "అవ్వా" అని పిలిచేవాడు. ఆమెకు వినబడదని చెబితే, "వినవడకుంటే మర్యాద ఇయ్యొద్దా?" అన్నాడు.

వారం తిరగకముందే అడిగాడు. "బిడ్డా, వీళ్లకు రాజీ కుదురదా?"

నేను దాన్ని చివరిదాకా ఆడింది లేదు. ఆటగాళ్లు రాసుకునే పేజీ ఒకటి గబగబా చూసి తీర్పు చెప్పాను. "ఎందుకు కుదురదు నాన్నా! రెండు దిక్కుల నమ్మకం సమానంగ ఉంటే, ఆఖరుకు వంతెన మీద ఇద్దరు చేతులు కలుపుతరు."

ఇక చూడాలి నాన్నను. నాలుగు నెలల పాటు కోటకు ఒక గంప ఇనుపరాయి మోస్తే, అడవికి ఒక కుండ మందు మోశాడు. చివరికి వంతెన ముందు సిపాయిని నిలబెట్టి ఆట ఆపేశాడు.

"ఆదివారం మీ మామను రమ్మను."

"ఎందుకని అడిగితే?"

"ఆట చూద్దువు రమ్మను."

తన నోట రాని మాట ఆ రాజూ రాణీ చెప్పేస్తారని ఆయన ఆశ. నేను పెళ్లి కుదిర్చిన పేరయ్యలా ఉబ్బిపోయి ఫోన్ చేశాను.

మామ వచ్చాడు. టికెట్ లేని ప్రయాణికుడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోంచి ఆయన్నే చూస్తూ సర్వపిండి మాడ్చేసింది. నాన్న తెర మీంచి చూపు తిప్పకుండా, "చూడుమను బిడ్డా, ఇప్పుడు కలుస్తరు" అన్నాడు నాతో.

రాజు ఇటు, రాణి అటు. తెర మీద రెండే రెండు గళ్లు వెలిగాయి. కోట వైపు. అడవి వైపు.

"మూడోది ఏది బిడ్డా?"

ఫోన్‌లో ఆ పేజీ తీసి ఈసారి వాక్యం మొత్తం చదివాను. "ఇద్దరూ చేతులు కలిపేలా పెట్టి ఉంటే ఎంత బాగుండేదో" అని ఎవరో వాపోయారు. నేను "కలిపేలా" దగ్గరే సంబరపడి ఆగిపోయానన్నమాట.

"మూడోది లేదు నాన్నా."

మామ ముందుకు వంగాడు. "ఏందమ్మా, ఎటు దిక్కో చెప్పుమంటున్నదా?"

"అవును మామా."

"సమ్మెల నన్ను సుత గట్లనే అడిగిన్రు" అన్నాడాయన మెల్లగా. "గప్పుడు నా పిల్ల దవాఖానల ఉండె. పిల్లకెట్లుందని ఒక్కడు సుత అడుగలే."

నాన్న పెదవులు కదిలాయి. ఆ నిశ్శబ్దం భరించలేక నేను కంట్రోలర్ లాక్కుని ఏదో మీట నొక్కాను. నాన్న సిపాయి కత్తి దూసి, మామ కళ్ల ముందే కోట రాజును నరికాడు. పైగా విజయభేరి మోగింది.

"పోయొస్త చెల్లే" అని మామ లేచాడు. నాన్న చెప్పులేసుకుని వెనకే వెళ్లాడు. అరగంటకు ఒక్కడే వచ్చాడు.

"ఏం మాట్లాడినవ్ నాన్నా?"

"'బస్సు వచ్చింది బావా' అన్న."

"అంతేనా?"

"పద్దెనిమిదేండ్లకు గంత మాట మస్తు. పిల్ల ముచ్చట వచ్చే ఆదివారం అడుగుత."

శుక్రవారం మామ గుండె ఆగిపోయింది.

బసంత్‌నగర్‌లో మామ పాడె పక్కన నాన్న కూలబడి, ఆయన చెవి దగ్గర వంగి, "పిల్లకెట్లుంది బావా?" అని అడిగాడు. ఆ పిల్ల, పాతికేళ్ల మనిషి, పక్కనే నిలబడి ఉంది. ఏడుస్తూనే వంగి నాన్న చెయ్యి పట్టుకుంది.

"మంచిగనే ఉన్న మామా."

ఆ రోజు నేను ఇంకొక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే, నాన్న ఆ మాట మా ఇంట్లోనే అడిగి ఉండేవాడేమో.

అందుకని, గోదావరి సాక్షిగా, సకల దేవతల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. నేను ఆడి చూడని ఆటకు ముగింపు చెప్పను. మరీ ముఖ్యంగా, ఇద్దరు పెద్దమనుషులు మాట రాక కూర్చున్న చోట, ఏ మీటా నొక్కను.