సంతకు పోయిన ఎలుగుపిల్ల

మొన్న దసరా సెలవుల్లో వనపర్తిలో ఎగ్జిబిషన్ పెడితే నా కూతురినీ, మా నాన్ననూ వెంటబెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర ఒక మనిషి జపాను కార్టూన్లోని ఎలుగుపిల్ల వేషం వేసుకుని నిలబడి ఉన్నాడు. గుండ్రటి ముఖం, రెండు చుక్కల కళ్ళు, నెత్తి మీద ఒక ఆకు. నా కూతురు పరుగెత్తి వెళ్ళి దాని పొట్టను వాటేసుకుంది. నాకేమో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై దాటినదాన్ని, ఒక బొమ్మను చూసి కొంగుతో కళ్ళు తుడుచుకోవడం ఏమిటని సిగ్గు కూడా వేసింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఎలుగుపిల్లే మా లోకం. పెబ్బేరు పక్కన మా ఊళ్ళో నాలుగిళ్ళకే కేబుల్ ఉండేది. బడి వదలగానే పక్కింటి చిన్నమ్మ వాళ్ళ గడప దగ్గర వరుసగా చతికిలబడేవాళ్ళం. హిందీ మాటలు సగం అర్థం కాకపోయినా మాకేం లోటు లేదు, కథ రోజూ ఒకటే కదా. పొద్దున ఎలుగుపిల్ల తప్పిపోతుంది, చీకటి పడేలోగా ఇల్లు చేరుతుంది. కొన్నాళ్ళకు దాని బొమ్మలు చిప్సు పొట్లాల్లో వచ్చాయి, నోటుబుక్కుల అట్టల మీదికి వచ్చాయి, చివరికి అమ్మ గద్వాల నుంచి తెచ్చిన నా చెప్పుల మీదికీ ఎక్కాయి. అరిగిపోతాయని ఆ చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేదాన్ని.

ఆ ఏడే మా జోడెడ్లలో ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. తెల్లది మిగిలింది. ఒంటెద్దుతో సేద్యం సాగదని, దాన్ని పెబ్బేరు సంతలో అమ్మేయాలని ఇంట్లో అనుకున్నారు. దూడగా ఉన్నప్పటి నుంచీ నా చేతి గడ్డి తిన్న ఎద్దు అది. ఏడ్చాను, అన్నం మానేశాను, ఎవరూ పట్టించుకోలేదు. సంత ముందురోజు సాయంత్రం, తలుపులకు వేయగా మిగిలిన నీలం పెయింటు డబ్బా తీసి దాని తుంటి మీద ఎలుగుపిల్లను గీశాను. ఆ బొమ్మ ఒంటి మీద ఉంటే ఎద్దు ఎంత దూరం పోయినా చీకటి పడేలోగా ఇల్లు చేరుతుందని నా గట్టి నమ్మకం.

తెల్లారి నాన్న చూసి తిట్లు లంకించుకున్నాడు. కిరోసిన్ పెట్టి రుద్దడానికి వేళ లేక అలాగే తోలుకుపోయాడు. నేను బడి ఎగ్గొట్టి రోజంతా వాకిట్లోనే కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు ముందు ఎద్దు, వెనకాల నాన్న వచ్చారు. ఎవరూ అడగలేదని అమ్మతో చెప్పాడు. ఆ సంతలో పశువును కొన్నవాళ్ళు అక్కడికక్కడే రంగుతో గుర్తు పెట్టుకుంటారు. గుర్తున్న పశువు దగ్గర ఇంకెవరూ బేరానికి ఆగరు. నా బొమ్మను చూసి, ఎవరో కొనేసిన ఎద్దు అనుకున్నారట. అమ్మ నాకు వీపు మీద రెండు వడ్డించింది. ఆ సంతోషంలో నాకవి తగలనే లేదు.

మరుసటి సంత వచ్చేలోపే వానలు పడ్డాయి. ఒంటెద్దే ఉన్న ఇంకో రైతుతో పొత్తు కుదిరింది. మా తెల్లెద్దు మా కొట్టంలోనే ముసలిదై కన్నుమూసింది. దాన్ని ఇంటికి తెచ్చింది ఎలుగుపిల్లేనని ఇన్నేళ్ళూ కనిపించిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఎగ్జిబిషన్లో నా కూతురికీ అదే చెప్తున్నాను. పక్కనే నాన్న మిర్చి బజ్జీ తింటున్నాడు. నిజంగానే ఎవరూ అడగలేదా తాతా అని అది ఆయన్ను అడిగింది. నాన్న చేతులు తుడుచుకుని, నా వైపు చూడకుండా మనవరాలికే చెప్పాడు.

"ఇంటికాడ మీ అమ్మ అన్నం తింటలేకుండె. సంతల ముగ్గురు అడిగిండ్రు బిడ్డా. గా బొమ్మ సూపెట్టి, అమ్ముడువోయిందని నేనే చెప్పిన."