మా బావను చంద్రుడి మీదికి పంపిన రోజు

మనిషి అంతరిక్షానికి వెళ్లిన చరిత్ర రాసిన పెద్దలంతా ఒక్క ప్రయోగాన్ని మాత్రం వదిలేశారు. అది గోదావరిఖనిలో, ఒక చిన్న ప్రైవేటు బడి గ్రౌండులో, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా బోల్తా కొట్టింది. దాన్ని జరిపించిన మహా శాస్త్రవేత్తను నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. నేను ఆ బడిలో సోషల్ టీచర్ని, అదీ టెంపరరీ. వార్షికోత్సవానికి ముందు కరస్పాండెంట్ సార్ పిలిచాడు.

"అమ్మా, చీఫ్ గెస్టుగ గని పెద్దాఫీసరు వస్తుండు. ఆయన మెచ్చేటట్టు ఏమన్న చెయ్యి, నిన్ను పర్మినెంటు చేస్త. లేకుంటె వచ్చే యేడు ఇంకో బడి చూస్కో."

అంతే, నా బుర్ర భూమి వదిలేసింది. అంతరిక్ష యాత్రల మీద నాటకం రాశాను. ముందు కుక్క, తర్వాత మొదటి మనిషి, ఆ తర్వాత మొదటి ఆడమనిషి, ఆఖరికి చంద్రుడి మీద కాలు. పిల్లలు చరిత్ర అప్పజెబుతారు, ఆ వెనకే రాకెట్ లేస్తుంది. రాకెట్ అంటే మరేం కాదు, ఫ్రిజ్‌ల అట్టడబ్బాలకు వెండి కాగితం అతికించాం. ఆలు లేదు చూలు లేదు, చంద్రుడి మీద పాతే జెండా మాత్రం ముందే కుట్టించి పెట్టాను.

మరి రాకెట్ లేచే చప్పుడు? ఇక్కడే నా తెలివి చూడండి. మా ఊరి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగు, మందుపెట్టి రాయి పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది, కాసేపటికి నేల అదిరి వంటింట్లో గిన్నెలు గలగలలాడతాయి. మాకు అలవాటే, ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఆ చప్పుడుకే నా కౌంట్‌డౌన్ కలిపాను.

ఇక వ్యోమగామి. హెల్మెటు, పెద్ద బూట్లు మా ఇంట్లోనే ఉన్నాయి, వాటిని తొడుక్కునే మనిషితో సహా. ఆయన మా అక్క భర్త, రాజలింగు బావ. భూగర్భ గనిలో కార్మికుడు.

"బొగ్గు బాయిలకు దిగేటోన్ని, నన్ను మొగులు మీదికి ఎక్కిస్తవా పిల్లా?" అన్నాడు బావ.

"ఎక్కేది లేదు బావా. డబ్బల కూసో. చప్పుడు కాంగనె బయటికొచ్చి, మెల్లగ నడిచి, జెండ పాతాలె."

"మొదలు కుక్క పోయిందంటివి గద, అది తిరిగొచ్చిందా?"

"రాలే."

"మరి నేను?"

"పోనియ్యే," అంది అక్క వంటింట్లోంచి. "ఒక్క దినమన్న ఇంట్ల గురక బాధ తప్పుతది."

ఆ రోజు బావ నైట్ షిఫ్టు దిగి, నా కోసం నిద్ర మానుకుని వచ్చి రాకెట్లో కూర్చున్నాడు. సైరన్ మోగింది. పిల్లలు "పది, తొమ్మిది" అని మొదలుపెడితే జనమంతా గొంతు కలిపారు. సున్నా! చప్పుడు లేదు. మళ్లీ లెక్కపెట్టాం. సున్నా! ఈసారి రాకెట్లోంచి గుర్రుమని వినిపించింది.

"ఇంజను స్టార్టయింది!" అని ఎవరో చప్పట్లు కొట్టారు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. మా దగ్గర దైవానికి అంత శ్రమ ఉండదు, బర్రెలే తలుస్తాయి. బ్లాస్టింగు జాగాలోకి బర్రెలు జొరబడితే, వాటిని తోలేదాకా ఆపారని తర్వాత తెలిసింది.

"ఏందమ్మా ఇది? నీ రాకెట్ కంటె మా అవ్వ నయం, పిలిస్తె లేస్తది," అని సార్ పళ్లు కొరికి, ఆఫీసరుకు మైకిచ్చి, వెళ్లి రాకెట్ పక్కన నిలబడ్డాడు. నా ఉద్యోగానికి మనసులోనే దండ వేశాను.

"గనిలో భద్రతే ముఖ్యం," అని ఆఫీసరు అందుకున్నాడు. "ఎప్పుడేం జరిగినా మనం..."

ఢాం!

బావ కళ్లు తెరిచాడు. చుట్టూ చీకటి, నెత్తిన హెల్మెటు, కింద నేల అదురుతోంది. పాపం, ఆయనకు చంద్రుడు గుర్తుకొస్తాడా, గని గుర్తుకొస్తుందా?

"రూఫ్ పడ్తంది! ఉరుకుండ్రి!"

అట్ట చించుకుని బయటపడి, పక్కనున్న కరస్పాండెంట్ సార్‌ను బియ్యం బస్తాలా భుజానేసుకుని పరుగందుకున్నాడు. బ్లాస్టింగుకు కదలని జనం ఆ కేకకు కదిలారు. వాళ్లలో సగం మంది గని కార్మికులే మరి. దొరికిన పిల్లనల్లా చంకనేసుకుని గేటు దాటేశారు. ఆఫీసరు టేబుల్ కింద దూరాడు.

"దించురా!" అని సార్ మొత్తుకుంటున్నాడు.

"ఫికర్ చెయ్యకు కాకా, గాలి తగుల్తంది, బయట వడ్డం," అని ఓదారుస్తున్నాడు బావ.

నేను నిలబడ్డచోటే ఏడ్చేశాను. ఉద్యోగం పోయిందని కొంత, నిద్రలో కూడా పక్కమనిషిని వదలని బావను చూసి కొంత.

ఆఫీసరు టేబుల్ కిందినుంచి బయటికొచ్చి మోకాళ్లు దులుపుకున్నాడు. "నా సర్వీసులో ఇంత సహజంగా చేసిన రెస్క్యూ డెమో చూడలేదు! ఎవరిదీ ఆలోచన?"

అప్పటికి బావ గ్రౌండంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చి ఆగాడు. సార్ ఇంకా భుజం మీదే, తలకిందులుగానే ఉన్నాడు. అయినా కరస్పాండెంట్ కరస్పాండెంటే.

"మా టీచర్‌దే సార్," అన్నాడు. "పర్మినెంట్ టీచర్."

బావ ఆయన్ను దించి, చుట్టూ చూసి, "జెండ యాడ పాతాలె పిల్లా?" అన్నాడు.

"కుక్క కంటె నయం," అంది అక్క గేటు దగ్గర్నుంచి. "తిరిగొచ్చిండు."

ఆ క్షణమే సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. నైట్ షిఫ్టు దిగిన మనిషిని, కడుపునిండా తిని కంటినిండా పడుకోనిదే, ఏ గ్రహానికీ పంపను. ఊళ్లో బర్రెలన్నీ కొట్టాలకు చేరాయని తేలనిదే కౌంట్‌డౌన్ మొదలుపెట్టను.