వాగొడ్డున ఎర్ర చీర

నా చిన్నప్పుడు, మా తమ్ముడు పుట్టిన ఎనిమిదో రోజున, మా తాతయ్య నన్ను చుట్టుపక్కల ఊళ్లన్నింట్లోకీ ఎత్తైన గుట్ట ఎక్కించాడు. సరదాకు కాదు. నిజాం పాలన ముగిసే ముందటి రోజులవి. గరిడేపల్లి చుట్టుపక్కల ఊళ్ల మీద తుపాకులవాళ్లు పడుతున్నారని, ఆ రోజు మా ఊరి వంతని కబురొచ్చింది. జనమంతా మూటలు కట్టుకుని గుట్టకు కదిలారు. పచ్చి బాలింత మా అమ్మ మాత్రం ఎక్కలేక, పసివాడితో వాగొడ్డున చాకలి అవ్వ ఇంట్లో ఉండిపోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

తాతయ్య జన్మంతా గొర్లు కాసినవాడు. నిటారుగా ఎక్కనివ్వకుండా, గొర్లు నడిచిన జాడల్లో అడ్డంగా తిప్పుతూ నడిపించాడు. అందరూ కొనకు కాస్త కింద, బండల చాటున ఆగారు. పెద్దవాళ్లు పైన నిలబడితే కింది నుంచి కనబడిపోతారు. చిన్నపిల్లయితే మేకపిల్ల అనుకుంటారు. అందుకే చూసే పని నాకు పడింది. అవ్వ ముందే చెప్పి పంపింది: వాగొడ్డున తెల్ల పంచె ఆరేస్తే దిగవచ్చు, ఎర్ర చీర ఆరేస్తే కదలొద్దు. చాకలి ఇంటి ముందు బట్టలు ఆరితే ఎవరికి అనుమానం?

బండల మీంచి తలెత్తి కిందికి చూశాను. ఎర్ర చీరే. కానీ నాకు అమ్మ కావాలి. "తెల్ల పంచెనే తాతా" అన్నాను.

తాతయ్య కళ్లకు అప్పటికే పొరలు. నా మొహంలో మొహం పెట్టి కాసేపు చూశాడు. "మంచిది. ఇగ నువ్వే ముందు నడువు బిడ్డా. నీ ఎనక అందరం వస్తం" అన్నాడు.

వెనక్కి తిరిగితే, అందరూ మూటలు నెత్తికెత్తుకుంటున్నారు. పక్కింటి అక్క చంటిదాన్ని కొంగుతో ఒంటికి కట్టుకుంటోంది. నిజమేనా అని ఒక్కరూ నన్ను అడగలేదు. "తాతా, ఎర్రదే" అని భోరుమన్నాను.

చెంప పగిలిందే అనుకున్నాను. ఆయన నా తల నిమిరి, జనం వైపు తిరిగి, "బిడ్డ మళ్ల సూసింది. ఎర్రదట. కూసోండ్రి" అన్నాడు. అంతే. నేను అబద్ధమాడిన సంగతి తాను పోయేదాకా ఆయన ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం, మేం దిగాల్సిన బాట పక్కనే గడ్డివాములు తగలబడ్డాయి. ఆ పొగ చూసి అక్క నన్ను దగ్గరకు తీసుకుని, "నీ కండ్లు సల్లగుండ" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పొద్దున తెల్ల పంచె కనబడింది. నాలుగుసార్లు చూసి గానీ నోరు తెరవలేదు. దిగి వెళ్లేసరికి అమ్మ తమ్ముడికి పాలిస్తూ కూర్చుని ఉంది.

ఇప్పుడు పొరలు నా కళ్లకు వచ్చాయి. దవాఖాన కాగితాలు మా మనవరాలే చదివి చెబుతుంది. ఒక్కోసారి మధ్యలో ఆగుతుంది. గొంతు సవరించుకుని, "అంతా మంచిగనే ఉందట నానమ్మా" అంటుంది. నేను కోప్పడను. దాని తల నిమిరి, "మళ్లొకసారి సూడు బిడ్డా" అంటాను.